గాజు తొట్టిలో ఏటి అడుగు



ఇంట్లో అక్వేరియం పెట్టుకోదలచినవారు సాధారణంగా ముందు చేపలను ఎంచుకుంటారు, తరువాత తొట్టి కొలతలు చూసుకుంటారు, ఆ పైన దీపం, గాలి మోటారు, మొక్కలు కొంటారు. అన్నీ అయ్యాక, దుకాణం నుంచి బయటికి రాబోయే ముందు, అడుగున పరచడానికి ఒక సంచి రాళ్లు పట్టుకుంటారు. ఆ సంచిలో ఉండేవి చాలాసార్లు నీలం, గులాబీ, ఆకుపచ్చ రంగులు పులిమిన రాళ్లు, లేదా తెల్లటి పాలరాతి ముక్కలు. చేప ఒంటి రంగు, మొక్క వేరుకు అందే ఆహారం, నీటి శుభ్రత, ఈ మూడూ ఆ అడుగున పరిచినదాని మీద ఆధారపడి ఉంటాయని తెలిసినప్పుడు ఆ ఎంపిక చివరికి మిగిలిపోదు, అన్నింటికంటే ముందుకు వస్తుంది.

ఈ ప్రసంగానికి విషయం దేశీయ చేపల తొట్టి. అమెజాన్ నది నుంచో ఆఫ్రికా సరస్సుల నుంచో వచ్చిన చేపలను కాక, ఈ ఉపఖండపు కాలువల్లో, చెరువుల్లో, కొండవాగుల్లో పుట్టి పెరిగే చిన్న చేపలను, వాటితోపాటే పెరిగే నీటి మొక్కలను ఒకచోట ఉంచే తొట్టి అది. పొలం కాలువల్లో గుంపుగా తిరిగే పరిగెలు, నీలి చారల జీబ్రా చేప, పగలంతా ఇసుకలో దాగి రాత్రి తిరిగే బొమ్మిడాయి, నారింజ రంగు క్రోమైడ్ వంటివి అందులో ఉండదగిన చేపలు. తొట్టి అడుగున పరిచే ఇసుక, గులకరాళ్లు, మట్టి వంటి వాటన్నింటినీ కలిపి ఇక్కడ అడుగు పొర అని వ్యవహరించడం జరుగుతుంది.

సహజంగా కనిపించే అడుగు పొర కావాలంటే, ప్రకృతిలో ఏటి అడుగు ఎలా ఏర్పడుతుందో ముందుగా తెలియాలి. కొండ మీద నుంచి వేగంగా దూకే వాగు సన్నని రేణువులన్నింటినీ ఊడ్చుకుపోయి గుండ్లను, గులకరాళ్లను మాత్రమే మిగులుస్తుంది. మైదానంలోకి దిగి వేగం తగ్గిన నది ఇసుకను జారవిడుస్తుంది. దాదాపు నిలిచిపోయిన నీరు, అంటే చెరువు, డెల్టా కాలువ, కొల్లేరు వంటి సరస్సు, చిట్టచివరికి ఒండ్రును, బంకమట్టిని దింపుతుంది. 1922లో చెస్టర్ వెంట్‌వర్త్ అనే అమెరికన్ భూవిజ్ఞాని రూపొందించిన కొలమానం ప్రకారం 2 మిల్లీమీటర్ల లోపు రేణువు ఇసుక, అంతకు మించినది గులక, మిల్లీమీటరులో పదహారో వంతు కంటే చిన్నదైతే ఒండ్రు. కొలబద్ద లేకుండా గుర్తుపెట్టుకోవాలంటే, ఆవగింజ పరిమాణం వరకు ఇసుక, శనగగింజ నుంచి చింతగింజ వరకు గులక అనుకుంటే సరిపోతుంది.

కాబట్టి అడుగున ఏ రేణువు ఉన్నదన్నది అక్కడ నీరు ఎంత వేగంతో పారిందో చెప్పే సాక్ష్యం. పరిగెలు, కలువ ఉన్న తొట్టిలో కొండవాగు గుండ్లు పరిస్తే చూసేవారికి కారణం తెలియకపోయినా ఏదో పొసగలేదని అనిపిస్తుంది, ఎందుకంటే కలువ ఎదిగే నిలవ నీరు ఆ గుండ్లను అక్కడికి తెచ్చి ఉండదు. అందువల్ల తొట్టి పెట్టేవారు ముందు నీటిని ఎంచుకోవాలి, తరువాత అడుగును ఎంచుకోవాలి. ఈ మాట మరొకసారి చెప్పదగినంత ముఖ్యమైనది. ముందు ఏ నీరో నిర్ణయించాలి, ఆ తరువాతే ఏ అడుగో నిర్ణయించాలి.

వేసవిలో గోదావరి తగ్గి ఇసుక తిన్నెలు బయటపడినప్పుడు వాటిని శ్రద్ధగా చూసినవారికి ఒక విషయం స్పష్టమవుతుంది. దూరం నుంచి ఒకే గోధుమ రంగుగా కనిపించే ఆ ఇసుక, దోసిట్లోకి తీసుకుంటే ఏ ఒక్క రంగూ కాదు. అందులో గాజు వలె పారదర్శకమైన క్వార్ట్జ్ రేణువులు, మాసిన తెలుపు ఫెల్డ్‌స్పార్ రేణువులు, నల్లని ఖనిజాలు, అక్కడక్కడ మెరిసే అభ్రకం కలిసి ఉంటాయి. గోదావరి పైభాగం దక్కన్ పీఠభూమి నల్లరాతి మీదుగా, తరువాత ప్రాణహిత లోయ ఇసుకరాతి మీదుగా, ఆ తరువాత పాపికొండల వద్ద తూర్పు కనుమలను చీల్చుకుంటూ ప్రవహిస్తుంది; ఆ రాళ్లన్నీ తమ తమ వంతును ఆ ఇసుకకు ఇచ్చాయి. రేణువుల పరిమాణం కూడా ఒకటి కాదు, సన్నవాటి నడుమ ముతకవి, ముతకవాటి నడుమ ఒకటి రెండు గులకలు కనిపిస్తాయి. సహజత్వం అంటే ఈ మిశ్రమమే. ఒకే పరిమాణంలో, ఒకే రంగులో యంత్రం జల్లించి ఇచ్చిన రేణువులు ఎంత ఖరీదైనవైనా ఏటి అడుగును తలపించలేవు.

అయితే ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించడం అవసరం. సహజంగా కనిపించడం వేరు, సహజమైనదాన్ని ఉన్నది ఉన్నట్టు తెచ్చి పోయడం వేరు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేరు, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రాంసర్ జాబితాలో చేరిన లోతు తక్కువ సరస్సు. దాని అడుగు మెత్తని నల్లని ఒండ్రు. ఆ ఒండ్రును రెండు బకెట్లు తెచ్చి గాజు తొట్టిలో పోస్తే కొల్లేరు రాదు, బురదనీరు మాత్రమే వస్తుంది. విశాలమైన సరస్సులో కదలిన బురదను దింపడానికి కావలసినంత చోటు, దట్టమైన వేరులు, కాలం ఉంటాయి. రెండడుగుల తొట్టిలో బొమ్మిడాయి ఒక్కసారి తోక ఆడిస్తే లేచిన బురద మోటారు తిరుగుతున్నంతసేపూ దిగదు. కనుక కొల్లేటి తొట్టి కోరుకునేవారు కూడా మట్టిని కింద దాచి, పైన ముదురు రంగు సన్న ఇసుకను కప్పవలసిందే. కంటికి ఒండ్రు అనిపించాలి, పనికి ఇసుక కావాలి.

ఇక చేపల సంగతి. అడుగు పొరతో అన్నింటికంటే దగ్గరి సంబంధం ఉన్నది బొమ్మిడాయికి. సన్నని పొడవాటి శరీరంతో, కొనదేలిన ముక్కుతో ఉండే ఈ చేప పగటివేళ ఇసుకలో పూర్తిగా కూరుకుని ముక్కు కొస మాత్రమే బయట ఉంచుతుంది, రాత్రివేళ బయటికి వచ్చి పురుగులను వెతుక్కుంటుంది. తెలుగునాట వంటింట్లో దీనికి ఉన్న గౌరవం అందరికీ తెలిసినదే. తొట్టిలో దీని ప్రవర్తన ఎంత చూడదగినదో తెలిసినవారు తక్కువ. పదునైన కంకర పరిచిన తొట్టిలో బొమ్మిడాయిని వదిలితే అది దూరడానికి ప్రయత్నించి ఒంటిని గీసుకుంటుంది, గాయాలకు బూజు పడుతుంది, చివరికి దూరడం మానేసి మూలల్లో నక్కుతుంది. ఇసుకలో దూరే చిన్న లోచ్ చేపలది కూడా ఇదే పరిస్థితి. లోచ్‌ల నోటి చుట్టూ ఉండే మీసాలు రుచిని, స్పర్శను గ్రహించే అవయవాలు. గరుకు రాళ్ల మీద అవి అరిగిపోతాయి, దానితో చేప ఆహారం వెతికే శక్తిని కోల్పోతుంది. అడుగున తిరిగే చేప ఏదైనా సరే, దానికి గుండ్రని సన్న ఇసుక కావాలి. కనీసం తొట్టి ముందు భాగమైనా అలాంటి ఇసుకతో ఉండాలి.

జీబ్రా చేప సంగతి దీనికి భిన్నమైనది. ఇది ఇసుకలో దూరదు, నీటి పైభాగంలోను మధ్యభాగంలోను తిరుగుతుంది. కానీ గుడ్లను అడుగు మీద చల్లుతుంది, ఆ గుడ్లు దేనికీ అంటుకోవు, తల్లి చేపే వాటిని తిరిగి తినేస్తుంది. ప్రపంచమంతటా జీవశాస్త్ర ప్రయోగశాలల్లో నేడు పెంచుతున్న ఈ చేపను గుడ్లు పెట్టించడానికి పాత రోజుల్లో పరిశోధకులు తొట్టి అడుగున పిల్లలు ఆడుకునే గోలీలను పరిచేవారు, గుడ్లు గోలీల సందుల్లోకి జారి తల్లి నోటికి అందకుండా ఉండేవి. ఏటిలో ఆ పని గులకరాళ్లు చేస్తాయి. అందువల్ల జీబ్రా చేపల పిల్లలు కావాలని కోరుకునేవారు తొట్టిలో ఒక మూల లోతు తక్కువగా, శనగగింజంత గులకను కొంత పరచడం మంచిది. నారింజ క్రోమైడ్ మరొక పద్ధతి పాటిస్తుంది. దక్షిణ భారతదేశంలోను శ్రీలంకలోను ఉండే ఈ చేప జంటగా పిల్లలను కాపాడుతుంది; గుడ్లు పొదిగాక ఇంకా ఈదలేని పిల్లలను అడుగులో తవ్విన చిన్న గుంటల్లోకి చేర్చి కాపలా కాస్తుంది. తవ్వడానికి వీలుకాని పెద్ద రాళ్లు పరిచిన తొట్టిలో ఈ అద్భుతమైన దృశ్యానికి చోటే ఉండదు.

రంగుల విషయానికి వస్తే, అక్వేరియం దుకాణాల్లో అమ్మే తెల్లని, ముదురు నీలి రాళ్ల మీద గట్టిగానే అభ్యంతరం చెప్పవలసి ఉంది. చేప చర్మంలో నల్లని వర్ణకాన్ని నింపుకున్న కణాలు ఉంటాయి. చుట్టూ లేత రంగు ఉన్నప్పుడు ఆ వర్ణకం కణం మధ్యలోకి ముడుచుకుంటుంది, చేప పాలిపోయినట్టు కనిపిస్తుంది. చుట్టూ ముదురు రంగు ఉన్నప్పుడు అది కణమంతా పరుచుకుంటుంది, చేప రంగు ముదురుతుంది. ఈ మార్పును నడిపే హార్మోన్లలో ఒకదాన్ని 1983లో సాల్మన్ చేపల పీయూష గ్రంథి నుంచి శాస్త్రజ్ఞులు వేరు చేశారు. తెల్లని రాళ్ల మీద వెలవెలబోయిన అవే చేపలు గోధుమ రంగు ఇసుక మీద, మొక్కల నీడలో కొద్ది రోజులకే చారలు తేలి, రెక్కలకు రంగు తిరిగి నిలుస్తాయి. బాడిస్ అనే చిన్న దేశీయ చేపను పెంపకందారులు ఊసరవెల్లి చేప అని పిలవడానికి కారణం కూడా రంగు మార్చే ఈ శక్తే. దేశీయ చేపలు నిస్తేజంగా ఉంటాయన్న అపవాదులో చాలా భాగం చేపలది కాదు, వాటి కింద పరిచిన తెల్లరాళ్లది. ముదురు గోధుమ రంగు, బూడిద రంగు, నలుపు కలిసిన ఇసుక దేశీయ చేపకు తగిన అడుగు.

చేప తరువాత మొక్క. నీటి మొక్కలన్నీ ఒకే రీతిన ఆహారం తీసుకోవు. హైడ్రిల్లా వంటివి ఆకుల ద్వారా కూడా చాలా భాగం పీల్చుకుంటాయి. కానీ రిబ్బను ఆకుల వాలిస్నేరియా, పశ్చిమ కనుమల నదుల్లో పెరిగే క్రిప్టోకోరైన్ జాతులు, కలువలు వేరుల మీదే ఎక్కువ ఆధారపడతాయి. వేరు మీద ఆధారపడిన మొక్కకు కేవలం కడిగిన నది ఇసుక నిలబడే చోటు మాత్రమే ఇస్తుంది, తిండి ఇవ్వదు. క్వార్ట్జ్ రేణువుకు పోషకాలను పట్టి ఉంచే గుణం దాదాపు లేదు. బంకమట్టి రేణువులు అతి చిన్నవి, వాటి ఉపరితలం మీద ఉండే రుణ విద్యుదావేశం అమ్మోనియం, పొటాషియం, కాల్షియం, ఇనుము వంటి ధన అయాన్లను పట్టి ఉంచి, వేరుకు కావలసినప్పుడు విడుస్తుంది. అందుకే మొక్కల తొట్టికి ఏదో ఒక రూపంలో బంకమట్టి కావాలి, అది కూడా ఇసుక కిందనే కావాలి.

ఇక్కడ లాటరైట్ అనే ఎర్రరాయి ప్రస్తావన అవసరం. ఉష్ణమండలపు వానలకు రాళ్లలోని సిలికా కరిగిపోయి, ఇనుము, అల్యూమినియం ఆక్సైడులు మిగిలి ఏర్పడిన రాయి అది. జహీరాబాదు, వికారాబాదు ప్రాంతాల్లో నల్లరాతి పీఠభూమి మీద ఎర్రని పొరగా కనిపించేది ఇదే. ఈ రాయికి లాటరైట్ అనే పేరు పెట్టినది ఫ్రాన్సిస్ బుకానన్. మద్రాసు నుంచి మైసూరు, కెనరా, మలబారు మీదుగా తాను చేసిన ప్రయాణాన్ని వివరిస్తూ 1807లో ప్రచురించిన గ్రంథంలో, కేరళలోని అంగాడిపురం వద్ద చూసిన రాతిని ఆయన ఆ పేరుతో వర్ణించాడు. తరువాత కాలంలో హామిల్టన్ అనే ఇంటిపేరు స్వీకరించిన ఆ వైద్యుడే 1822లో గంగానది చేపల మీద వెలువరించిన గ్రంథంలో జీబ్రా చేపను మొట్టమొదట శాస్త్రీయంగా వర్ణించాడు. ఆ రాయి, ఆ చేప ఒకే పరిశీలకుని కలం ద్వారా శాస్త్రలోకానికి పరిచయమయ్యాయి; ఒకే తొట్టిలో కలిసి ఉండటానికి అవి ఎంతో తగినవి కూడా. 1980ల నాటికి జర్మనీ అక్వేరియం పెంపకందారులు లాటరైట్ పొడిని అడుగు పొరలో కలిపి మొక్కలకు ఇనుము అందించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. ఆ పొడిని డబ్బాల్లో దిగుమతి చేసుకునే కన్నా, రసాయనాలు సోకని చోట దొరికిన ఎర్రరాతిని దంచి, జల్లించి, సన్నని దుమ్మును కడిగి తీసేసి వాడుకోవడం తెలుగునాట ఎవరికైనా సాధ్యమే.

చెరువు పూడిక మట్టి మాట కూడా చాలామందికి తోస్తుంది. 2015లో తెలంగాణలో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసినప్పుడు రైతులు ఆ మట్టిని ట్రాక్టర్ల మీద పొలాలకు తోలుకున్నది దాని సారం తెలిసే. తొట్టికి కూడా అది పనికివస్తుంది, కానీ నేరుగా పనికిరాదు. అందులో కుళ్లుతున్న ఆకులు, పొలాల నుంచి కొట్టుకువచ్చిన పురుగుమందుల అవశేషాలు, పరాన్నజీవులు ఉండవచ్చు. మందులు చల్లే పొలాల దిగువన ఉన్న చెరువు మట్టిని పూర్తిగా వదిలిపెట్టాలి. మంచి చోట తెచ్చిన మట్టినైనా నానబెట్టి, పైకి తేలిన చెత్తను వంపి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి, మళ్లీ నానబెట్టి, మళ్లీ ఆరబెట్టాలి. ఇలా పలుమార్లు చేస్తే కుళ్లవలసినది బయటే కుళ్లిపోతుంది, తొట్టిలో అమ్మోనియా పుట్టించదు. నల్లరేగడి విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. పోషకాలను పట్టి ఉంచడంలో దానికి సాటి తక్కువ, కానీ తడిస్తే ఉబ్బే గుణమున్న ఆ మట్టి నీటిలో లేచిందంటే దిగడం కష్టం, పైగా అందులో సున్నపు గడ్డలు ఉంటాయి. రేగడి కన్నా తోటలోని ఎర్రమట్టి ఈ పనికి సురక్షితం.

అమెరికన్ రచయిత్రి డయానా వాల్‌స్టాడ్ 1999లో మొక్కల అక్వేరియం జీవావరణం మీద ప్రచురించిన గ్రంథంలో మామూలు మట్టిని సుమారు అంగుళం మందాన పరచి, దాని మీద మరొక అంగుళం సన్న గులకను కప్పే పద్ధతిని వివరించారు. తక్కువ ఖర్చుతో అడుగు పొర సిద్ధం చేసుకోదలచినవారికి ఈ పద్ధతే అనుసరణీయం. జపాన్‌కు చెందిన తకాషి అమానో ప్రచారంలోకి తెచ్చిన, కాల్చిన మట్టి గుళికలు నగరాల్లోని దుకాణాల్లో దొరుకుతాయి. మొక్కలు వాటిలో బాగా పెరుగుతాయి, కానీ అవి ఖరీదైనవి, మొదటి వారాల్లో అమ్మోనియా విడుస్తాయి, చూడటానికి భారతీయ ఏటి అడుగుతో పోలిక లేదు. మట్టి కింద, ఇసుక పైన అన్నదే గుర్తుంచుకోవలసిన సూత్రం.

అడుగు పొర మందం గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే తొట్టిలో జరిగే రసాయన క్రియలు అక్కడే ఉన్నాయి. చేపల విసర్జన నుంచి వచ్చే అమ్మోనియాను రేణువుల మీద నివసించే నైట్రోసోమోనాస్, నైట్రోస్పైరా వంటి బ్యాక్టీరియా నైట్రైటుగా, ఆ తరువాత నైట్రేటుగా మారుస్తాయి. ఈ పనికి ప్రాణవాయువు కావాలి, కాబట్టి అది పై పొరల్లో జరుగుతుంది. కింద ప్రాణవాయువు అందని చోట మరో రకం బ్యాక్టీరియా నైట్రేటును నత్రజని వాయువుగా మార్చి బయటికి పంపుతాయి. అంతకన్నా లోతుగా, అంతకన్నా బిగుతుగా ఉంటే సల్ఫేటు నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కుళ్లిన గుడ్డు వాసనతో చేపకు విషమైన వాయువు అది. సన్న ఇసుకను అతి మందంగా పరచకూడదని చెప్పడానికి కారణం ఇదే. మరీ పెద్ద గులక అయితే దానికి విరుద్ధమైన చిక్కు ఉంది, మిగిలిన మేత సందుల్లోకి జారి కంటికి కనబడకుండా కుళ్లుతుంది.

ఈ రెండు చిక్కుల నుంచి కాపాడేవి వేరులు. నీటి మొక్కలు ఆకుల్లో పుట్టిన ప్రాణవాయువులో కొంత వేరుల ద్వారా చుట్టూ ఉన్న మట్టిలోకి విడుస్తాయి. బాగా వేళ్లూనిన తొట్టిలో అడుగు పొర దుర్గంధం పట్టకుండా ఉండటానికి ఇది ముఖ్యమైన కారణం. వేరులకు తోడు ఒక చిన్న జీవి కూడా సాయపడుతుంది. శంఖంలా పొడవుగా చుట్టలు తిరిగిన, మెలనాయిడీస్ అనే శాస్త్రీయ నామం గల చిన్న నత్త దక్షిణ ఆసియా చెరువుల్లో సహజంగానే ఉంటుంది. పగలు ఇసుకలో తిరుగుతూ దాన్ని నిరంతరం గుల్ల చేస్తుంది. చాలామంది దీన్ని చీడగా భావించి ఏరి పారేస్తారు, అది అన్యాయం. మేత అతిగా వేయనంతకాలం ఆ నత్తల సంఖ్య అదుపులోనే ఉంటుంది.

ఇసుకలో, రాళ్లలో సున్నం ఉందో లేదో చూసుకోవడం మరొక అవసరమైన పని. తాండూరు బండలు, బేతంచెర్ల రాళ్లు, నల్లని కడప రాయి, ఇవన్నీ సున్నపురాతి జాతులే. ఇంటి నేలకు పరచగా మిగిలిన ముక్కలు అందంగా ఉన్నాయని తొట్టిలో వేస్తే అవి మెల్లగా కరిగి నీటి కాఠిన్యాన్ని, పీహెచ్‌ను పెంచుతాయి. సముద్రపు ఇసుకలో గవ్వల తునకలు ఉంటాయి కనుక దానిదీ అదే గుణం. పరీక్ష సులభమైనది. రాతి మీద గాని, ఎండిన ఇసుక మీద గాని కొద్దిగా వెనిగర్ పోసి చూడాలి. బుడగలు వస్తే సున్నం ఉన్నట్టు. వెనిగర్ బలహీనమైన ఆమ్లం కాబట్టి, అనుమానం తీరకపోతే ఆ రాయిని వారం రోజులు నీటిలో ఉంచి, ముందు తరువాత నీటి కాఠిన్యాన్ని పరీక్షా సామగ్రితో పోల్చి చూడవచ్చు. ఉప్పునీటి కయ్యలకు కూడా అలవాటుపడిన క్రోమైడ్ వంటి చేపలకు సున్నం వల్ల హాని లేదు. కొండవాగుల మెత్తని నీటి నుంచి వచ్చిన చేపలకు మాత్రం అది ఇబ్బందే.

ఇసుక ఎక్కడ తీసుకోవాలన్న ప్రశ్నకు సమాధానం, ఇళ్లు కట్టే చోట. నది ఇసుక ఒకటి రెండు బకెట్లు ఏ మేస్త్రీని అడిగినా దొరుకుతుంది. అయితే అది నిజంగా నది ఇసుకేనా అని చూసుకోవాలి. ఇప్పుడు చాలా నగరాల్లో నిర్మాణానికి వాడుతున్నది గ్రానైటు రాతిని యంత్రాలతో పిండి చేసిన రోబో శాండ్. దాని రేణువులు నీటిలో దొర్లి నునుపు తేలినవి కావు, అంచులు పదునుగా ఉంటాయి, ఎంత కడిగినా రాతి పిండి తెలుపు వదలదు. గోడకు అది సరిపోతుంది, బొమ్మిడాయి ఒంటికి సరిపోదు. అరచేతిలో వేసి గట్టిగా రుద్దితే గుచ్చుకునేది రోబో శాండ్, జారేది నది ఇసుక.

తెచ్చిన ఇసుకను దోమతెర వంటి సన్న జల్లెడతో ఒకసారి, పెద్ద కళ్ల జల్లెడతో ఒకసారి జల్లించి, దుమ్మును, పెద్ద రాళ్లను వేరు చేసి, బకెట్లో నీరు తేటగా వచ్చేదాకా కడగాలి. జల్లెడలో మిగిలిన గులకలను పారేయకూడదు, అవి అదే ఏటి రాళ్లు, తరువాత వాడుకోవడానికి పనికివస్తాయి. తొట్టిలో ముందు వైపు మూడు సెంటీమీటర్లు, వెనుక వైపు ఎనిమిది సెంటీమీటర్ల ఎత్తు వచ్చేలా వాలుగా పరిస్తే, ముందు భాగంలో అడుగున తిరిగే చేపలకు చోటు, వెనుక భాగంలో వేరులకు లోతు రెండూ సమకూరుతాయి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న తొట్టికి సుమారు 15 కిలోల ఇసుక పడుతుంది. మట్టి పొర వేయదలచినవారు దాన్ని వెనుక సగానికే పరిమితం చేసి, ముందు గాజుకు తాకకుండా చూడాలి.

రాళ్లను అమర్చేటప్పుడు ఏటిని మళ్లీ తలచుకోవాలి. ప్రవాహం రాతిని ఢీకొన్న వైపు, పక్కల ఇసుక తవ్వుకుపోయి గులక బయటపడుతుంది. రాతి వెనుక, నీరు నెమ్మదించే చోట, సన్న ఇసుక చేరుతుంది. జల్లెడలో మిగిలిన గులకలను రాళ్ల ముందు, పక్కల చల్లి, వెనుక సన్న ఇసుకను ఉంచితే, మోటారు నీటిని తోసే దిశకు అడుగు పొర అనుగుణంగా కనిపిస్తుంది. రాళ్లు, ఇసుక ఒకే జాతి రంగులో ఉండాలి, ఎందుకంటే ప్రకృతిలో ఆ ఇసుక ఆ రాళ్ల నుంచే పుట్టింది. ఎర్ర గ్రానైటు రాళ్ల చుట్టూ నల్లని ఇసుక పోసిన తొట్టి ఎంత శ్రమతో చేసినా కృత్రిమంగానే ఉంటుంది. పైన నాలుగైదు ఎండిన బాదం ఆకులు వేస్తే వాటి నుంచి దిగే టానిన్లు నీటికి లేత తేనీటి రంగు ఇస్తాయి, చిన్న చేపలు వాటి కింద తలదాచుకుంటాయి. మొక్కలను నాటేటప్పుడు వాలిస్నేరియా, క్రిప్టోకోరైన్‌ల మొదలును, కలువ దుంప మొగ్గను ఇసుకలో కప్పకూడదు. వేరు లోపల, మొదలు బయట ఉండాలి.

ఒక విన్నపం కూడా ఉంది. పారే వాగులోకి దిగి దాని అడుగును తవ్వి తెచ్చుకోవద్దు. అందులో చేపల గుడ్లు, పురుగుల పిల్లలు, నత్తలు కాపురముంటాయి; కట్టడం కోసం ఇప్పటికే తీసిన ఇసుకలో ఒక బకెట్ అడిగి తెచ్చుకుంటే ఏ వాగుకూ నష్టం లేదు. తొట్టి తీసేసేటప్పుడు పాత ఇసుకను, మొక్కలను దగ్గరి చెరువులో పారబోయవద్దు. వాటి వెంట చేపల రోగాలు, వేరే నీటి నత్తలు, మొక్కల తునకలు వెళ్లి ఆ చెరువును చెడగొట్టగలవు. ఆ ఇసుకను ఎండలో పూర్తిగా ఆరబెట్టి పూలకుండీల్లో వేసుకోవచ్చు. అడుగు పొర మీద బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి, మొక్కలు వేళ్లూనడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కనుక దేశీయ చేపలను పెంచదలచిన శ్రోతలు ముందు ఇసుక పరచి, మొక్కలు నాటి, నీరు నింపి, అమ్మోనియా, నైట్రైటు రెండూ పరీక్షలో కనిపించకుండా పోయిన తరువాతే చేపలను ఇంటికి తెచ్చుకోవాలని మనవి.